జాబ్ మేళాలో మనమూ అడగాలి
(కేజీఎఫ్ యువజన కూడికలో చేసిన ప్రసంగం)



వచ్చే నెలలో మీ యూనివర్సిటీలో జాబ్ మేళా ఉందని విన్నాం. కొందరు అప్పుడే కొత్త ఫైలు కొన్నారు, కొందరు అన్న షర్టు అడిగి పెట్టుకున్నారు. సంతోషం. ఈ సాయంత్రం ఆ మేళాకు ఎలా సిద్ధపడాలో మాట్లాడుకుందాం.

మన తాతలు చిత్తూరు వైపు పల్లెల నుంచి ఈ బంగారు గనులకు వచ్చారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన గనులవి. పనిలో చేరే రోజున వాళ్లను ప్రశ్నలు అడిగినవాళ్లే గాని, వాళ్ల ప్రశ్నలు విన్నవాళ్లు లేరు. కూలి ఎంత, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే గతేమిటి అని అడిగే ధైర్యం ఆకలితో వచ్చినవాడికి ఎక్కడిది? 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. తరువాత మన ఇళ్లలో చాలామందికి చీకటితోనే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పోవడమే బతుకైంది. మీరు డిగ్రీ దాకా వచ్చారు. కంపెనీవాళ్ల బల్ల ముందు కూర్చున్నప్పుడు జవాబులు చెప్పండి, ప్రశ్నలు కూడా అడగండి. మేము చెప్పదలచుకున్నది ఇదే.

మొదట, ఏ కంపెనీలు వస్తున్నాయో ప్లేస్‌మెంట్ ఆఫీసులో ముందే కనుక్కోండి. కిందటేడు మన బీకాం తమ్ముడొకడు అన్నిటికంటే పొడుగ్గా ఉన్న క్యూ చూసి అందులో నిలబడ్డాడు. మూడు గంటల తరువాత బల్ల దగ్గరికి చేరితే, ఇక్కడ ఇంజనీరింగ్ వాళ్లకే అన్నారు. అప్పటికి మిగతా బల్లలు సర్దేస్తున్నారు. మీ చదువుకు సరిపోయేవి నాలుగైదు ఎంచుకోండి. ఒక్కొక్కటి ఏం పని చేస్తుందో, ఏ ఉద్యోగానికి పిలుస్తోందో ఒక పేజీ రాసుకోండి.

రెజ్యూమే ఒక్క పేజీ చాలు. లేని అనుభవం రాయొద్దు, ఉన్నది దాచొద్దు. మనవాళ్ల రెజ్యూమేలు చూస్తే భాషల దగ్గర ఇంగ్లీషు ఒక్కటే రాస్తున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం, పుస్తకాల్లో ఇంగ్లీషు. ఇన్ని భాషల్లో మనుషులతో మాట్లాడగలిగినవాడు బ్యాంకుకూ ఆసుపత్రికీ కాల్ సెంటర్‌కూ కావాలి. మన యాస చూసి నవ్వుతారని మనమే దాచుకుంటున్నాం. నాన్న దుకాణంలో లెక్కలు రాశారా, వీధి పిల్లలకు ట్యూషన్ చెప్పారా, అవీ రాయండి. అదీ పనే.

ఇక మనం అడగాల్సినవి.

చేతికి ఎంత వస్తుంది? సీటీసీ అంటే కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, పనితీరును బట్టి ఇచ్చే డబ్బు, ఇలాంటివి కూడా అందులో కలిపి చెబుతారు. 3 లక్షలని విని, నెలకు 25 వేలని ఇంట్లో చెప్పేయకండి. కోతలు పోను ఎంతో అడగండి. బెంగళూరులో పీజీ అద్దె, భోజనం, రైలు పాసు లెక్కవేసుకొని మిగిలేది చూడండి.

బాండ్ ఉందా? ఉత్త కాగితమేలే అనుకొని సంతకం చేయొద్దు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. ఎన్నాళ్లు, ఎంత డబ్బు అని చదివి, ఇంటికి తెచ్చి చూపించి, అప్పుడు సంతకం చేయండి.

ఇది ఉద్యోగమా, అప్రెంటిస్‌షిప్పా? అప్రెంటిస్‌కు ఇచ్చేది స్టైపెండ్. గడువు ముగిశాక ఉద్యోగం ఇస్తారా లేదా అన్నది స్పష్టంగా అడగాలి.

చెల్లెళ్లు మరి రెండు అడగాలి. రాత్రి షిఫ్టు ఉంటే ఇంటిదాకా బండి పంపుతారా? ఫిర్యాదులు వినే కమిటీ ఉందా? 10 మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఇది అడిగినందుకు ముఖం మాడ్చుకునే చోట ఎలా ఉంటుందో అక్కడే తెలిసిపోతుంది.

రిజిస్ట్రేషన్ అనీ, ట్రైనింగ్ అనీ డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, ఇచ్చేది జిరాక్సులే. మన చెల్లెలొకామె ఒరిజినల్స్ ఇచ్చేసి, వేరే ఉద్యోగం దొరికినా వాటి కోసం ఆరు నెలలు తిరిగింది.

ఇన్ని అడిగితే ఉద్యోగం ఇవ్వరేమోనన్న భయం మాకు తెలుసు. ఇంట్లో అప్పులుంటే ఆ భయం ఇంకా ఎక్కువ. అందుకే ముందు మీ పని గురించి బాగా చెప్పండి, వాళ్లు ఏమైనా అడుగుతారా అన్నప్పుడు మర్యాదగా అడగండి. అన్నీ తెలిసి కూడా అవసరం కొద్దీ ఒప్పుకుంటే తప్పులేదు. తెలియక ఒప్పుకోవడమే మనల్ని ముంచుతోంది.

పెద్ద ఆఫీసుల్లో మన కోసం ఒక మాట చెప్పే మామయ్యలు మనకు లేరు. మనకు మనమే ఉన్నాం. కాబట్టి వచ్చే రెండు శనివారాలు సాయంత్రం ఇక్కడే కూడుదాం. పనిలో ఉన్న అన్నలూ అక్కలూ అటువైపు కూర్చుంటారు, మీరు ఇటువైపు కూర్చోండి. మేళా రోజున ఒకే రైల్లో వెళదాం. తిరిగొచ్చాక ఏ కంపెనీ ఏం చెప్పిందో ఒక నోటుబుక్కులో రాసిపెడదాం. మీ తరువాత వెళ్లే తమ్ముడు ఆ పుస్తకం చదివి వెళతాడు.

ఆ నోటుబుక్కు మేము కొని తెచ్చాం. మొదటి పేజీ ఖాళీగా ఉంది.