లెక్కలో లేనివాడు
(శతవార్షిక కూడికలో ఒక పాదిరిగారు చేసిన ప్రసంగము)



"మనుష్యుల తెలివితక్కువతనము" అను అంశమును కమిటీవారు నాకు అప్పగించారు. ఇందుకు నన్నే ఎందుకు ఎన్నుకొన్నారో నేను అడగలేదు, వారూ చెప్పలేదు. ఈ అంశము మీద ఉదాహరణలకు కొదువలేదు. విచిత్రమేమంటే, ఎవరిని అడిగినా అవన్నీ పొరుగింటివే!

పరమానందయ్యగారి శిష్యులు ఏరు దాటిన కథ మీకందరికీ తెలిసినదే. ఒడ్డు చేరిన తరువాత ఒకడు అందరినీ లెక్కపెట్టాడు. ఒకడు తక్కువ! మరియొకడు లెక్కపెట్టాడు. మళ్లీ ఒకడు తక్కువ! ఏటిలో కొట్టుకొనిపోయినవాని కొరకు అందరూ కూర్చొని ఏడ్చారు. తుదకు దారిన పోయే మనిషి ఒక్కొక్కని వీపు మీద ఒక్కొక్క దెబ్బ వేసి లెక్క సరిచేశాడు. వారికి అంకెలు రాక కాదు. లెక్కపెట్టే ప్రతివాడూ తన్ను తాను విడిచిపెట్టాడు, అంతే.

1979వ సంవత్సరములో స్కైలాబ్ అను అమెరికా అంతరిక్ష కేంద్రము భూమి మీద పడబోతున్నదని వార్త వచ్చింది. అది సరిగ్గా మన ఊరి మీదనే పడుతుందని తెలుగుదేశములో అనేక పల్లెలు నమ్మాయి. ఎలాగూ చచ్చిపోతాము గదా అని కోళ్లను, మేకలను కోసుకొని తిన్నారు. జూలై 11న అది కూలింది. దాని ముక్కలు హిందూ మహాసముద్రములోను, పడమటి ఆస్ట్రేలియాలోను పడ్డాయి. అక్కడి ఎస్పరెన్స్ అను ఊరివారు, మా ప్రాంతములో చెత్త వేశారని అమెరికా అంతరిక్ష సంస్థకు 400 డాలర్లు జరిమానా వేశారు! మన పల్లెలలో మరునాడు యథాప్రకారము తెల్లవారింది. కోళ్లు మాత్రము కూయలేదు.

ఇంతవరకు నవ్వవచ్చును. కాని 2018లో, పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు వచ్చాయని వాట్సాప్‌లో వదంతి పుట్టింది. తెలంగాణలోను, దేశములో ఇతర చోట్లను ఏ పాపము ఎరుగని మనుష్యులు గుంపుల చేతిలో ప్రాణములు పోగొట్టుకొన్నారు. ఆనాడు కోళ్లను కోసిన తెలివితక్కువే ఈనాడు మనుష్యులను కొట్టి చంపింది. ఆ వార్తను పంపిన ప్రతివాడూ "నేను పంపానంతే, కొట్టినవారు వేరే" అని తన్ను లెక్కలోనుండి తప్పించుకొన్నాడు.

జర్మనీ దేశపు పాదిరి డీట్రిచ్ బాన్‌హోఫర్‌గారు హిట్లరును ఎదిరించి, 1945 ఏప్రిల్ 9న ఉరికంబమెక్కారు. అంతకు రెండేండ్ల ముందు, 1942 చివర, తన మిత్రుల కొరకు వ్రాసిన వ్యాసములో ఆయన ఈ సంగతినే విచారించారు. దుష్టత్వముకంటె తెలివితక్కువతనము ఎక్కువ అపాయకరమన్నారు. దుష్టుని ఎదిరించవచ్చును, తెలివితక్కువవానికి ఎన్ని కారణములు చూపినా తలకెక్కవు. ఇది చదువులేనివారి జబ్బు కాదనీ, మనిషి తన ఆలోచనను అధికారమునకు అప్పగించినప్పుడు పట్టుకొనేదనీ ఆయన అభిప్రాయము.

ప్రభువు చెప్పిన ఉపమానములోని ధనవంతుడు కూడ లెక్కలు తెలిసినవాడే. ధాన్యమును లెక్కించాడు, కొట్లను లెక్కించాడు, రాబోవు సంవత్సరములనుకూడ లెక్కించాడు. తన ప్రాణము ఎవరి చేతిలో ఉన్నదో అది ఒక్కటే లెక్కలో వేయలేదు. అందుకే అతనికి వెఱ్ఱివాడని పేరు వచ్చింది.

కాబట్టి ఒక చిన్న మనవి. ఎవరిని గూర్చియైనా ఒక మాట చెవిని పడినప్పుడు, దానిని మరియొకరికి అందించక మునుపు మూడు ప్రశ్నలు వేసుకొందాము. ఇది ఎవరు చూశారు? అబద్ధమైతే నష్టము ఎవరికి? ఆ నష్టములో నా వంతు ఎంత? ఈ మూడవ ప్రశ్నతోనే మనము లెక్కలోనికి వస్తాము.

ఇప్పుడు ఈ మాటలు వింటూ, "అయ్యో, ఫలానాయన ఈ పూట రాలేదే, ఆయన తప్పక వినవలసిన ప్రసంగము" అని మీలో ఎవరైనా అనుకొనియుంటే, ఏటి ఒడ్డున లెక్క మళ్లీ ఒకటి తగ్గినదన్నమాట. వీపు సరిచూసుకొనండి.