దాతల పతకాలు

హైదరాబాద్‌లో ఉప్పల్, నాచారం వైపు పాత నాణేలు పోగుచేసేవాళ్లు జపాన్ పతకాల మీదా ఓ కన్నేయండి. ప్రజాహితానికి సొంత డబ్బిచ్చిన దాతల కోసం అక్కడి ప్రభుత్వం 1918లో ముదురు నీలం రిబ్బను పతకం పెట్టింది. వెండి బిళ్ల, చుట్టూ చెర్రీ పూలు. అంతకన్నా తేలిగ్గా దొరికేది జపాన్ రెడ్‌క్రాస్ సభ్యత్వ పతకం. దాని వెనక మెయిజి 21, అంటే 1888 అని ఉంటుంది. అది పతకాన్ని నెలకొల్పిన ఏడు, తయారైన ఏడు కాదు. అమ్మేవాళ్లు మాత్రం దాన్నే చూపించి ధర పెంచుతారు!

ప్రజాసేవకు పతకాలు మన దగ్గరా ఉండేవి. మన ఉప్పల్ పక్కన పారే మూసీ 1908లో నగరాన్ని ముంచినప్పుడు సేవ చేసిన సరోజినీ నాయుడుకు ఆంగ్లప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలాబాగ్ కాల్పుల తర్వాత ఆమె దాన్ని తిరిగి ఇచ్చేశారు.

ఇలాంటి పతకాలు కొనేటప్పుడు పెట్టె, ప్రదానపత్రం కూడా అడిగి తీసుకోండి.