వేసవిలో జాగ బేరము



వరంగల్లునుండి ఖమ్మము పోవు రహదారిమీద మా వర్ధన్నపేట కలదు. యాసంగి వరికోతలు ముగిసి పొలములు బోడివై, ఎండ నలువది డిగ్రీలు దాటునప్పుడే ఇచ్చట ఇంటిజాగల బేరములు ముమ్మరమగును. కొనువారు ఉదయము తొమ్మిది కాకముందే వచ్చి చూచి పోవుదురు. మరల సాయంకాలము ఐదు దాటినగాని గడప దాటరు. ఇంత ఎండలో ఈ బేరములేల? అమ్మువానికి పెండ్లి ఖర్చులును బడి రుసుములును అప్పుడే మీదపడును. కొనువానికి హద్దురాళ్లు తేటగా కనబడును, బండి పొలములోనికి పోవును. ఈ కారణములు అందరును చెప్పుదురు. చెప్పని కారణ మింకొకటి కలదు. దానిని దాచి అమ్మజూచినవారిలో నేనును ఒకడను.

చెరువు అలుగు కాలువ చెంత నాకు నాలుగు గుంటల పట్టా జాగ యున్నది. గుంటకు 121 గజముల చొప్పున 484 గజములు. శిఖము భూమి కాదు, కాగితములలో దోషమేమియు లేదు. కాని గట్టివాన కురిసినచో అందు మోకాలిలోతు నీరు నిలుచును. 2023 వేసవిలో మనుమరాలి చదువునకు సొమ్ము కావలసివచ్చి దానిని అమ్మదలచితిని. మధ్యవర్తి, "సారూ, ముసురు పట్టకముందే బేరం తెంపుకోండ్రి, చెరువు నిండినంక ఎవరొస్తరు?" అనెను. నేను నవ్వి ఊరకుంటిని. అట్టి నవ్వు ఒప్పుకొనుటయే గదా!

చూడవచ్చినవాడు నా పూర్వశిష్యుడు; దుబాయిలో పనిచేయుచు సెలవుమీద వచ్చియుండెను. నేల నెఱ్ఱెలు వాఱి గచ్చువలె గట్టిగానుండుట చూచి సంతోషించి, "సారూ, ఆడ ఇల్లు కొనేటోళ్లు ఎండకాలంలనే చూస్తె మంచిదంటరు; లోపల చల్లగుంటదో లేదో అప్పుడే తెలుస్తది" అనెను. ఆ దేశమున జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు పగలు పన్నెండున్నర మొదలు మూడు గంటలదాక ఎండలో కూలీలచేత పని చేయింపరాదని కట్టడి కలదు. అట్టి ఎడారిలో ఇంటికి వేడియే పరీక్ష. వేసవి దాని లోపమును బయటపెట్టును. మన చెరువుల సీమలో నీరు పరీక్ష. వేసవి దానిని కప్పిపుచ్చును. ఆ పిల్లవాడు ఎడారి వివేకముతో మన నేలను చూచి, అంతయు చూచితినని తృప్తిపడుచుండెను. నాకు చెమట పట్టెను. అది ఎండవలన గాదు.

ఆ రాత్రి నిద్ర రాలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 55వ సెక్షను ప్రకారము, కొనువాడు సాధారణ జాగ్రత్తతో కనుగొనజాలని ముఖ్యలోపము అమ్మువానికి తెలిసియున్నచో, దానిని అతడు చెప్పితీరవలెను. అంతకు ఎంతో పూర్వమే, కళ్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో భూమి చేతులు మారు విధమును చర్చించెను. గ్రామము, జ్ఞాతులు, సామంతులు, దాయాదులు సమ్మతింపవలెను. హిరణ్యమును ఉదకమును ధారవోయవలెను. సామంతులనగా ఇచ్చట రాజులు కారు, ఇరుగుపొరుగు పొలములవారు. హద్దు తగవులు రాకుండుటకే వారి సమ్మతి యని ఆయన వ్రాసెను. హద్దెరిగినవాడు నీటి దారియు నెరుగును గదా! రిజిస్ట్రారు కార్యాలయమున తీయు ఈసీలో పాత దస్తావేజులు కనబడునుగాని నీరు నిలిచిన గురుతు కనబడదు.

తెల్లవారగానే అతనిని పొరుగు రైతు బావికడకు గొనిపోయితిని. పాత వరద మరక ఆ బావిగోడమీద ఇంకను ఉన్నది. రైతు ఏమియు మాటాడక దానిమీద చేయిపెట్టి చూపెను. శిష్యుడు చాలసేపు చూచి, "వానలు పడ్డంక మా తమ్మున్ని చూడమంట" అని దుబాయి వెళ్లిపోయెను. మధ్యవర్తి ఆనాటినుండి నాతో మాటాడుట మానెను.

ఆ జూలై ఆఖరి వారమున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. హనుమకొండ హంటర్ రోడ్డు ఇండ్లలో నీరు చొచ్చినది. మా అలుగు కాలువయు పొంగెను. తమ్ముడు వచ్చి గట్టుమీద నిలిచి సెల్‌ఫోనులో బొమ్మ తీసికొనెను. నేను గొడుగు పట్టితిని.

మనుమరాలి రుసుము అప్పు చేసి కట్టితిని. ఆ జాగ నేటికిని నా పేరనే యున్నది. వానకాలమున అందు తుంగ మొలచుచున్నది.