పాసుపుస్తకం దాటి పొలంలోకి



సాగు విధానాలు, భూ విధానాలు పల్లెను ఎంతవరకు నిలబెడుతున్నాయో అంచనా వేయమని నన్ను అడిగారు. మన దగ్గర ఏ పథకానికైనా మూడు లెక్కలు చెబుతారు: ఎంత ఖర్చు పెట్టారు, ఎన్ని ఖాతాల్లో వేశారు, ఎన్ని ఎకరాలకు అందింది. అవి కావలసిన లెక్కలే. కానీ పదేళ్ల తర్వాత ఆ ఊళ్లో సాగు ఉంటుందో లేదో వాటిలో కనబడదు. అది తెలియాలంటే ఇంకో మాట అడగాలి. ఈ విధానం వచ్చాక, నాగలి పట్టిన మనిషికి ఆ నేలను బాగుచేసుకునే ధైర్యం పెరిగిందా, తగ్గిందా? నేను ఈరోజు ఈ ఒక్క గీటురాయినే పట్టుకుని మాట్లాడతాను.

మొదట కౌలు సంగతి. దేశంలో కౌలుసాగు బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో చాలాచోట్ల పొలం ఒకరిది, సాగు ఇంకొకరిది. ఒప్పందం నోటిమాట మీదే నడుస్తుంది. ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే ఖాయం చేసుకుంటారు. తుపాను వచ్చి చేను పడిపోయినా ఆ బస్తాల్లో తగ్గింపు దొరుకుతుందన్న భరోసా లేదు.

ఇలా నోటిమాటకు దిగజారడం వెనుక చట్టం పాత్ర కూడా ఉంది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం, తర్వాతి సవరణలతో కలిపి, కౌలుకు ఆరేళ్ల కనీస గడువు పెట్టింది. కౌలుదారును కాపాడాలన్నదే దాని ఉద్దేశం. అయితే కాగితం రాస్తే భూమి చేజారుతుందని యజమానులు భయపడ్డారు. దాంతో కౌలు కాగితం మీద కనబడకుండా పోయింది, పొలాల్లో మాత్రం పెరిగింది. 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం తెచ్చారు. 2019లో పదకొండు నెలల సాగు హక్కు పత్రాలిచ్చే చట్టం వచ్చింది. యజమానికి హక్కు పోదని అందులో స్పష్టంగానే రాశారు. కానీ పత్రం రావాలంటే యజమాని సంతకం కావాలి. గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి ఇస్తారేమోనని కౌలుదారు నోరు విప్పడు. చట్టం అక్కడే ఆగిపోతుంది.

దీనివల్ల మట్టికి ఏమవుతుందో చూడండి. పశువుల ఎరువు తోలితే దాని సత్తువ ఒక్క పంటతో అయిపోదు, తర్వాతి ఏళ్లకూ అందుతుంది. జీలుగో జనుమో చల్లి, పూతకు వచ్చే వేళ కలియదున్నితే నేల గుల్లబారుతుంది. ఈ సంగతి కౌలురైతుకు మనకంటే బాగా తెలుసు. కానీ వచ్చే ఏడు ఆ మడి తన చేతిలో ఉంటుందన్న నమ్మకం లేనివాడు ట్రాక్టరు బాడుగ కట్టి ఎరువు ఎందుకు తోలిస్తాడు? ఈ పంటకు ఈ పంటే చూసుకుంటాడు, యూరియా బస్తా తెస్తాడు. తప్పు అతనిది కాదు, అతన్ని ఆ స్థితిలో ఉంచిన ఏర్పాటుది.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయం నడుస్తోంది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి, ఏడాది పొడవునా నేలను పచ్చగా కప్పి ఉంచమంటారు. మంచి పద్ధతి. కానీ కోతలతో కౌలు ముగిసిపోయే మనిషి ఎండాకాలంలో ఎవరి పొలంలో విత్తనం చల్లాలి? ఒక విధానం నేలను మూడేళ్ల చూపుతో చూడమంటోంది. ఇంకో విధానం ఆ రైతును ఒక్క పంట దగ్గరే కట్టేస్తోంది. రెంటినీ కలిపి చూసే కార్యాలయం ఏదీ?

పెట్టుబడి సాయంలోనూ ఇదే తీరు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఎకరాకు పంటకు 4,000 రూపాయలతో వచ్చింది. పెట్టుబడికి వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లే చిన్న పట్టాదారుకు అది నిజంగా ఆసరా అయింది, కాదనలేం. అయితే డబ్బు పట్టాను బట్టి వచ్చింది. బీడు పెట్టిన భూమికీ వచ్చింది, దున్నిన కౌలుదారుకు రాలేదు. పెట్టుబడి సాయం అని పేరు పెట్టాక, పెట్టుబడి పెట్టినవాడికి అందకపోతే ఆ సాయం సగమే.

ఇక నీళ్లు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుకు ఉచిత విద్యుత్తు ఇచ్చినప్పుడు దాని వెనుక ఒక న్యాయం ఉంది. కాలువ కింది రైతుకు చౌకగా నీళ్లు వస్తుంటే, రాయలసీమలో, తెలంగాణలో బోరు వేసుకున్న రైతు ఒక్కడే ఎందుకు బిల్లు కట్టాలి? నేనూ ఆ న్యాయం పక్షమే. కానీ కరెంటు ఇచ్చిన ప్రభుత్వం భూమి కింద ఎన్ని నీళ్లున్నాయో ఊరికి చెప్పే పనిని అంతే శ్రద్ధగా చేయలేదు. భూగర్భ జలాల వాడకాన్ని అదుపుచేసే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. అయినా బోర్ల లోతు పెరుగుతూనే పోయింది. పక్కవాడు లోతుకు దించితే మన బోరు ఎండుతుంది. అప్పుచేసి మనం ఇంకా లోతుకు వెళ్తాం.

ఇందుకు వేరే దారి ఉందని ఈ నేలే చూపించింది. ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం వంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను లెక్కగట్టే పథకం ఒకటి నడిచింది. వానమాపకంలో ఎంత పడిందో వాళ్లే రాసుకున్నారు. బోరులోకి కొలత దించి నీటిమట్టం చూసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఇన్ని నీళ్లున్నాయి, వరి ఎంత వేద్దాం, ఆరుతడి ఎంత వేద్దాం అని మాట్లాడుకున్నారు. బోరు మూయమని ఎవరూ బలవంతపెట్టలేదు. లెక్క కళ్లముందు ఉంటే రైతు తానే పంట మార్చుకోగలడని అక్కడ తేలింది.

తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలోనూ అలాంటి ఉమ్మడి పద్ధతి ఉంది. చెరువులో పూడిక తీసే ఖర్చు ప్రభుత్వానిది, ఆ మట్టిని చేనుకు తోలుకునే ఖర్చు రైతుది. ఎర్ర చెల్కలో నల్ల పూడిక పడితే పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. పూడిక తీసిన చెరువు చుట్టుపక్కల బావులకూ ఊట అందిస్తుంది. చెరువు, బావి, చేను మూడూ ఒక్క పనితో బాగుపడ్డాయి. విధానం అంటే ఇలా ఉండాలి.

భూ వినియోగం విషయంలో మాత్రం ఏ ముక్కకు ఆ ముక్కే అన్నట్టు నడుస్తున్నాం. వరి చేల మధ్య ఒకరు రొయ్యల చెరువు తవ్వుతారు. ఏడాది తిరిగేసరికి ఊటతో పక్క మడిలో ఉప్పు పేరుకుంటుంది. పక్క రైతు కొన్నాళ్లు నష్టపోయి, చివరికి తానూ చెరువు తవ్వుకుంటాడు లేదా అమ్ముకుంటాడు. వెంచరు వేసి ప్రహరీ కడితే పంట బోదె, మురుగు బోదె రెండూ మూసుకుపోతాయి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారంటే గిట్టని ధరలు, కూలి ఖర్చులతోపాటు నీరు లాగని మురుగు కాలువలూ కారణమే. వ్యవసాయేతర అవసరాలకు భూమి మార్చుకోవడానికి 2006లో చట్టం తెచ్చారు. అందులో రుసుము ఎంతో రాశారు. కింది పొలానికి నీరెలా వస్తుంది, పై పొలం మురుగు ఎటు పోతుంది అని అడిగే గడి కూడా మార్పిడి దరఖాస్తులో ఉండాలి.

కాబట్టి నేను కోరేవి మూడు. ఒకటి, సాగుదారు పేరు పంట నమోదులో చేర్చడానికి యజమాని సంతకం అవసరం లేకుండా చేయండి. గ్రామసభలో చదివి, పొలం గట్టుమీద పక్కవాళ్ల సాక్ష్యంతో ఖరారు చేయండి. ఆ నమోదుతో భూమి హక్కు మారదని చట్టంలోనే రాసి, యజమాని భయం కూడా తీర్చండి. రుణం, బీమా, నష్టపరిహారం ఆ నమోదును బట్టే ఇవ్వండి. రెండు, రబీకి ముందు ప్రతి ఊళ్లో నీటి లెక్క చదవండి. మూడు, భూమి మార్పిడికి అనుమతి ఇచ్చేముందు చుట్టుపక్కల రైతుల మాట వినండి.

వీటికి కొత్త కార్యాలయాలు అక్కర్లేదు, పెద్ద నిధులూ అక్కర్లేదు. ఇక్కడున్న వ్యవసాయాధికారులను ఒక్కటి అడుగుతున్నాను. ఈసారి మీరు పంట నమోదుకు వెళ్లినప్పుడు పాసుపుస్తకం చూడకముందే పొలంలో ఉన్న మనిషి పేరు అడగండి, అతను మళ్లీ ఏడు కూడా ఇక్కడే సాగు చేస్తాడా అని అడగండి. ఆ జవాబులను మీ నివేదికలో రాసి పైకి పంపండి. పథకం ఫలితం ఎంతో చెప్పే అసలు లెక్క అదే.