సముద్రపు పడవలో కాలిపీట
(మన గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నన్ను ప్రసంగింపుమని నిర్వాహకులు కోరినప్పుడు, భారత భాగవతములనుండి ఏదేని ఘట్టము చెప్పుదునని మీరందరు తలచియుందురు. పగలు ఊరి లెక్కలు వ్రాయుచు, రాత్రులు నిఘంటువును ప్రక్కనుంచుకొని పద్యములకు అర్థము కూడదీసికొనినవాడను గాన ఆ తలపు సహజమే. కాని నేడు సముద్రముపై పోవు ఒక చిన్న పడవనుగూర్చియు, అందులో పాదములు ఆనించుకొను పీటనుగూర్చియు చెప్పదలచితిని. సముద్రమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున, ఈ అరకు కొండలలో కూర్చున్న మనకు దానితో పనియేమియని నవ్వుకొనకుడు. మన అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీనది భీమునిపట్టణముకడ సముద్రమున కలియుచున్నది. ఆ నీటి వెంటనే మన పిల్లలును బ్రతుకుతెరువునకు తీరమునకు దిగుచున్నారు. గ్రంథాలయమునకును పడవకును చుట్టరికము క్రొత్తదియు కాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవ నిండ పుస్తకములు పెట్టి కృష్ణాకాలువ వెంట పల్లెలకు చేర్చిరి.

మన గ్రంథాలయమున చదువుకొన్న కొండబిడ్డ యొకడు నేడు విశాఖ తీరమున కయాక్ అను పడవను నడుపుట నేర్పుచున్నాడు. పేరు చెప్పిన సిగ్గుపడును గాన చెప్పను. కయాక్ పుట్టినిల్లు ఉత్తరధ్రువ ప్రాంతము. గ్రీన్లాండు మొదలగు చోట్ల ఇన్యూట్ జాతివారు కొయ్య చట్రముపై సీలు చర్మము బిగించి వేటకై దీనిని చేసికొనెడివారు. ఎవరి పడవ వారి శరీరపు కొలతకే చేయబడెడిది. ఒకరి చొక్కా మరొకరికి పట్టనట్లే ఒకరి పడవ మరొకరికి కుదిరెడిది కాదు. నేడు ప్లాస్టిక్కుతోను, గాజునారతోను చేసిన పడవలు అంగడిలో దొరకుచున్నవి. సముద్రపు కయాక్ సుమారు 5 మీటర్ల పొడవు, రెండడుగులకు మించని వెడల్పు కలిగియుండును. నడుపువాడు నడుమనున్న రంధ్రములో కూర్చుండి, కాళ్లు పైకప్పు క్రిందకు చాపి, రెండువైపుల ఆకులున్న తెడ్డు వేయును. పడవ అందరికి నొకటే కొలతగా వచ్చుచున్నది గాన, కూర్చుండువానికి దానిని కుదుర్చు భారము కాలిపీటపై పడినది.

పోయిన మాఘమాసమున నేను వానిని చూడబోతిని. నన్నొక పడవలో కూర్చుండబెట్టెను. అంతకుముందు అందులో కూర్చున్నవాడు ఆరడుగుల మనిషి. “బాబాయిగారూ, ఒక్క నిమిషం ఆగండి, కాలిపీట దగ్గరకి జరుపుతాను” అని వాడనెను. “జోలాపుట్ జలాశయమును దోనెలో దాటినవాడిని, నాకు పీటలెందుకురా!” యని నేను బడాయి పలికితిని. లైఫ్ జాకెట్టు మాత్రము వాడు బలవంతముగా తొడిగెను. నూరు గజములు పోకమునుపే, తెడ్డు లాగినకొలది నేను ఆసనముమీద ముందుకు జారజొచ్చితిని. కాలివ్రేళ్లతో పీటకై వెదకితిని, అందలేదు. ఇంతలో ఒక అల ప్రక్కగా వచ్చినది. పడవ ఒరగినప్పుడు దానిని నిలుపుటకు నా శరీరమున కెక్కడను పట్టు లేకపోయెను. మరుక్షణమున పడవ బోర్లపడెను. నేను ఉప్పునీరు మ్రింగి పైకి తేలితిని. వాడు వచ్చి పట్టుకొనకున్న నేడు మీ యెదుట నిలిచియుందునో లేదో! లెక్కల పుస్తకమున తప్పిన కూడికను మరునాడు దిద్దుకొనవచ్చును. నీటిలో అంత గడువుండదు.

ఒడ్డునకు వచ్చిన పిదప వాడు నాకు చెప్పిన పాఠమును మీకు చెప్పుచున్నాను. తెడ్డు వేయువాని బలము చేతులలోనే యున్నదని మనము భ్రమపడుదుము. తెడ్డు ఆకు నీటిలో ఇంచుమించు పాతిన గుంజవలె నిలుచును. మనము దానిని పట్టుకొని ముందుకు సాగుదుము. అనగా ఆ లాగుడు మొదట మన శరీరమును ముందుకు జరుపును. శరీరము వెంట పడవయు రావలెనన్నచో రెండింటికిని లంకె కావలెను. పాదమే ఆ లంకె. కుడివైపు తెడ్డు వేయునప్పుడు కుడిపాదము పీటను తన్నవలెను. అప్పుడు నడుము తిరిగి వీపు బలము తెడ్డునకు వచ్చును. పీట లేనివాడు చేతులతోనే లాగి త్వరగా అలసిపోవును. మనకిది తెలియని సంగతి కాదు. జీలుగుచెట్టెక్కువాడు వెదురుగడ కణుపున కాలు నిలిచినగాని చేయి చాపడు. గుర్రపురౌతునకు రికాబు లేనిచో కత్తి త్రిప్పుట కష్టము.

కాలిపీటలు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది, పడవ లోపలి రెండు ప్రక్కలను పట్టాలు బిగించి, వానిపై ముందువెనుకలకు జరుగు చిన్న పీటలు. గాడి గాడికి నిలుచును గాన, పలువురు కూర్చుండు పడవకు ఇవి మేలు. రెండవది, పాదముల యెదుటి అడ్డగోడకు దట్టమైన నురుగుదిమ్మెను ఆనించుట. ఒక్కరే వాడు పడవకు ఇది సుఖము. పాదము మొత్తము ఆనును, అటునిటు కదలుటకు చోటు దొరకును. నీరు పీల్చని నురుగునే తీసికొనవలెను. మూడవది, చుక్కాని త్రిప్పు పీట. పాతరకమున చుక్కానికై త్రొక్కినప్పుడు పీటయే జరిగిపోవును. తన్నుటకు స్థిరమైన చోటుండదు. పీట కదలక, వ్రేళ్లవైపు పలక మాత్రము వంగు రకమును ఎంచుకొనుడు. ఆనికయు దక్కును, చుక్కానియు తిరుగును.

ఇక కొలత. నీటిలో ఏ పాదరక్షలు తొడుగుదురో వానితోనే, నేలపైనున్న పడవలో, నడుము వెనుకకు ఆనించి కూర్చుండవలెను. బొటనవ్రేలి మొదటి ఉబ్బు పీటపై ఆనవలెను. మోకాళ్లు కొద్దిగా వంగి, ప్రక్కలకు వాలియుండవలెను. పాదములతో నొక్కినప్పుడు తొడలు పైకప్పును తాకవలెను, సడలించినప్పుడు విడిపోవలెను. పీట దూరమైన వ్రేళ్లు చాపి చాపి పిక్కలు పట్టును. మరీ దగ్గరయైన తిమ్మిరులు పుట్టును, ఆపదలో కాళ్లు వెలికిరావు. రెండువైపుల గాళ్లు సరిగా లెక్కించుడు. ఒకవైపు అయిదు, మరొకవైపు ఆరైన నడుము మెలిపడును. మావాడు ఎవరెవరికి ఎన్నవ గాడియో చిన్నపుస్తకమున వ్రాసియుంచును. అది చూచి నాకెంత సంతోషమైనదో! పద్దు వ్రాయు విద్య సముద్రమునకును పనికివచ్చినది. కొలత కుదిరినదనుకొన్న పిదప అరగంట కదలక కూర్చుండి చూడవలెను. కాలు తిమ్మిరెక్కినచో ఒక గాడి మార్చవలెను.

క్రొత్తగా పట్టాలు బిగించువారు తొందరపడరాదు. ముందు పట్టాను బంకపట్టీతో అంటించి, కూర్చుండి చూచుకొనుడు. కూర్చుండు రంధ్రపు ముందంచునుండి రెండు పట్టాలకును దూరము సమానముగా నున్నదో లేదో టేపుతో కొలువుడు. రెండుమార్లు కొలిచిన పిదపనే రంధ్రము వేయుడు. వేసిన రంధ్రము మరల పూడదు. తుప్పుపట్టని ఉక్కుబోల్టులను, రబ్బరు వాషర్లను, నీరు చొరని జిగురును వాడుడు. పిదప పడవలో నీరు పోసి, బోల్టులకడ కారుచున్నదేమో చూడుడు. ఉప్పును ఇసుకయు పట్టాలకు శత్రువులు. ప్రతిదినము మంచినీటితో కడుగవలెను. నురుగుదిమ్మెను కొంచెము కొంచెముగ కోయుడు. తరుగుట సులభము, అతుకుట కష్టము.

రెండు హెచ్చరికలు. వ్రేలాడు తాళ్లుగల బూట్లతో ఎక్కకుడు. అవి పీటకు చిక్కిన, బోర్లపడినప్పుడు ప్రాణాపాయము. పాదము పీటను దాటి జారి ఇరుకుకొనునేమో ఒడ్డుననే పరీక్షింపుడు. లోతులేని నీటిలో, తోడుమనిషి ప్రక్కనుండగా, పడవనుండి బయటపడుట అభ్యసింపక సముద్రమునకు పోకుడు.

ఇంతయు చెప్పి, ఆ సాయంకాలము ఇసుకపై కూర్చుండి పీట జరుపుచు వాడు నాతో నొకమాట యనెను.

“చిన్నప్పుడు మన లైబ్రరీ బల్లమీద కూర్చుంటే నాకు కాళ్లు నేలకి అందేవి కావు బాబాయిగారూ. తిమ్మిరెక్కితే లేచి పోయేవాడిని. మీరొకరోజు బల్లకింద అడ్డచెక్క కొట్టించారు. ఆ తరవాతే నేనొక పుస్తకం చివరిదాకా చదివింది.”

నేను ఆ చెక్కను పూర్తిగ మరచియుంటిని. ఇంటికి వచ్చి పాతపద్దులు తిరగవేసితిని. చెక్క, మేకులు, వడ్రంగి కూలి యని యొక్క పంక్తి యున్నది. క్రొత్తబల్లలు వచ్చినప్పుడు ఆ పాతబల్ల పోయినది, చెక్కయు పోయినది. మరునాడు ఇచ్చట కూర్చుండి గమనించితిని. పిల్లలు వచ్చుచున్నారు, కాళ్లాడించుచున్నారు, పావుగంటలో లేచిపోవుచున్నారు. వారికి చదువుమీద ఆసక్తి లేదని మనమే ఈ గదిలో ఎన్నిమారులు నిందించితిమి! నేనును నిందించితిని.

ఇంట కువి భాషయో ఆదివాసీ ఒడియాయో పలుకు బిడ్డకు మన అలమారులోని పెద్ద గ్రంథము మరొక యెత్తైన బల్ల. అది ఆరడుగులవానికి అమర్చిన పడవ. అందులో వానిని కూర్చుండబెట్టి, ఒరిగిపోయిన వానిదే తప్పనుట న్యాయము కాదు.

అందుచేత నిర్వాహకులకు నా విన్నపము. రజతోత్సవమునకై ప్రోగైన సొమ్ములో మిగులు ఎంతయైనను, శిలాఫలకమునకు పూర్వము, పిల్లల బల్లలకు గాళ్లు కోసి, ఎత్తు మార్చదగిన కాలిచెక్కలు పెట్టింపుడు. పెద్దయక్షరముల బొమ్మల పుస్తకములు నొక అర నిండునట్లు కొనుడు. వడ్రంగి కూలి నేనిచ్చుకొందును. ఆ పద్దును ఈమారు మరువకుండ వ్రాసికొందును.