పుస్తెల తాడులో పగడం ఉంది, మన అంతర్వేది సముద్రంలో ఎందుకు లేదు?

 

మన వైపు చాలా ఇళ్ళల్లో అమ్మ పుస్తెల తాడులోనో నల్లపూసల్లోనో ఎర్రటి పూస ఒకటి కనిపిస్తుంది. అదే పగడం. కుజ దోషం అంటే ఉంగరంలో పెట్టించేదీ అదే. పగడం సముద్రంలో దొరుకుతుందని అందరికీ తెలుసు. మనకీ సముద్రం ఉంది. అంతర్వేది ఉంది, ఓడలరేవు ఉంది. మరి ఇక్కడ పగడపు దిబ్బలు ఎందుకు లేవు? ఇవాళ్టి టాపిక్ ఇదే.

ముందు ఒక క్లారిటీ. నగల్లో ఎర్ర పగడం, వీడియోల్లో కనిపించే రంగురంగుల పగడపు దిబ్బ ఒకటి కావు. చుట్టాలే, కానీ వేరు వేరు. నగల పగడం పాతకాలం నుంచీ ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చింది. భారతీయులకి పగడమంటే ఎంత మోజో మొదటి శతాబ్దంలోనే ప్లినీ అనే రోమన్ రచయిత రాశాడు. అది ఏడాదికి ఒక మిల్లీమీటరు మందం కూడా పెరగదు.

ఇక దిబ్బలు కట్టే పగడం సంగతి. అది రాయి కాదు, మొక్క కాదు, జంతువు. చాలా రకాల్లో ఒక్కో జీవి గోరంత కూడా ఉండదు. సముద్రపు నీటిలోంచి కాల్షియం తీసుకుని తన చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటుంది. ఇలా కోట్ల జీవులు వేల ఏళ్ళు కడితే దిబ్బ తయారవుతుంది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ 2,300 కిలోమీటర్ల పొడవుంది.

ఈ జీవి ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు అద్దెకుంటుంది. అద్దె డబ్బుల్లో కాదు, అన్నంలో కడుతుంది. ఎండతో ఆహారం తయారుచేసి, పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇస్తుంది. పగడం రంగులో ఎక్కువ భాగం కూడా ఆ నాచుదే. అయితే ఎండాకాలం మామూలుగా ఉండే గరిష్ఠ వేడి కంటే నీళ్ళు ఒక్క డిగ్రీ ఎక్కువై, కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడం ఆ నాచుని బయటికి పంపేస్తుంది. తెల్లగా అయిపోతుంది. దాన్నే బ్లీచింగ్ అంటారు. వెంటనే చావదు, ఆకలితో ఉంటుంది. నీళ్ళు త్వరగా చల్లబడితే బతుకుతుంది, లేకపోతే పోతుంది. 2023 జనవరి నుంచి 2025 మార్చి మధ్య ప్రపంచంలోని పగడపు దిబ్బల విస్తీర్ణంలో 84 శాతం బ్లీచింగ్ తెప్పించేంత వేడి చూసింది. మన లక్షద్వీప్ కూడా 2024లో దెబ్బతింది.

సరే, మన ప్రశ్నకి వద్దాం. ఇండియాలో పెద్ద పగడపు దిబ్బలు అండమాన్ నికోబార్, లక్షద్వీప్, తమిళనాడు దగ్గర మన్నార్ సింధుశాఖ, గుజరాత్ దగ్గర కచ్ సింధుశాఖల్లో ఉన్నాయి. కోనసీమలో లేకపోవడానికి కారణం గోదారి తల్లే. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అంటాం కదా. ఆ పులస సముద్రంలోంచి ఎదురీదుకుంటూ గోదారిలోకొచ్చేది వరదకి ఎర్రనీరు దిగినప్పుడే. పులసకి పండగైన ఆ నీరే పగడానికి పడదు. మంచినీళ్ళు కలిసి ఉప్పు తగ్గుతుంది. మట్టి వల్ల ఎండ లోపలికి దిగదు, నాచుకి పని ఉండదు. పైగా పగడం పిల్ల అంటుకోవాలంటే గట్టి రాయి కావాలి, మన తీరంలో అడుగంతా ఇసుక, బురద. విశాఖ వైపు రాతి అడుగున్న పూడిమడక లాంటి చోట్ల మాత్రం కొన్ని రకాల పగడాలు కనిపించాయి.

"బ్రో, డ్యాములొచ్చాక మన్ను తగ్గింది కదా, ఇప్పుడు పగడాలు రావా?" అని మీకు డౌట్ రావచ్చు. రావు. వరద ఇంకా వస్తోంది, అడుగు ఇంకా బురదే. మన్ను తగ్గితే నష్టం మనకే. కోనసీమ నేల ఆ మన్నుతోనే తయారైంది. సముద్రం ఎలా కోసుకుంటూ వస్తోందో అంతర్వేది వాళ్ళని అడగండి, చెప్తారు.

అసలు పాయింట్ ఇక్కడుంది. పగడపు దిబ్బ తీరానికి రెండు పనులు చేస్తుంది. ఒకటి, అలల శక్తిని సగటున 97 శాతం తగ్గిస్తుంది. రెండు, చేపపిల్లలకి ఇల్లవుతుంది. సముద్రపు అడుగులో ఒక్క శాతం కూడా లేని చోట, సముద్ర జీవుల్లో దాదాపు పావు వంతు రకాలు బతుకుతున్నాయి. మనకి ఆ దిబ్బ లేదు. ఆ డ్యూటీ చేసేది మడ అడవులు. బురద, సగం ఉప్పు నీళ్ళు పగడానికి చావు, మడ చెట్టుకి బతుకు. పీత, రొయ్య, పండుగప్ప పిల్లలు పెరిగేది ఆ వేళ్ళ మధ్యే. కోరింగలో 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం 1978 నుంచి ఉంది. మన కాట్రేనికోన మండలం బలుసుతిప్ప వైపు కూడా మడ ఉంది.

1996 నవంబర్ 6 తుఫాను గురించి మన ఇళ్ళల్లో చెప్పని పెద్దవాళ్ళు ఉండరు. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. మడ ఉంటే తుఫాను ఆగిపోతుందని నేననను, గాలిని ఏ చెట్టూ ఆపలేదు. కానీ ఒడ్డుకొచ్చే అల ఊపు తగ్గుతుంది, మట్టి కొట్టుకుపోకుండా నిలబడుతుంది. రొయ్యల చెరువు మన వైపు ఎంతమందికి కూడు పెడుతోందో నాకు తెలుసు. చెరువులు మూసెయ్యమనడం లేదు. మడ నరికి మాత్రం కొత్త చెరువు తవ్వొద్దు అంటున్నా. తవ్వినవాడికి నాలుగు పంటలు రావచ్చు, అల వచ్చినప్పుడు మాత్రం ఊరంతా కట్టాలి.

మనం చెయ్యగలిగినవి మూడు. అండమాన్ టూర్‌కి వెళ్తే ఒడ్డున తెల్ల పగడం ముక్క ముద్దుగా ఉందని బ్యాగులో వేసుకోకండి. 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకి పులితో సమానంగా రక్షణ ఉంది, కేసు అవుతుంది. రెండు, మీ ఊరి దగ్గర ఎక్కడైనా మడ నరుకుతుంటే ఫోటో తీసి అటవీ శాఖకి తెలియజెయ్యండి. మూడు, ఇంట్లో రొయ్యల చెరువు ఉంటే గట్టు అవతల ఉన్న మడ ఎవరిదో, ఎంత మిగిలిందో నాన్నని అడగండి.

మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.