డప్పు మ్రోతకు తగిన మైకు

హైదరాబాదునుండి బిజాపూరునకు పోవు రహదారిలో మొయినాబాదు దాటి చేవెళ్ళ చేరువరకు ఇరుప్రక్కలను ముదురు మర్రిచెట్లు కనబడును. ఆ మార్గమునకు అటునిటు నున్న పల్లెలలో పెండ్లికిని, బోనాలకును, పీరుల పండుగకును, తుదకు చావునకును డప్పు మ్రోగవలసినదే. ఇటీవల ఆ మ్రోత కొంత మారినది. ఊరేగింపు బండిపై నిలిపిన పెద్ద పెట్టెలనుండి కీబోర్డులో దాచియుంచిన డప్పు వినవచ్చుచున్నది. అందులో ప్రతి దెబ్బయు ఒక్క తీరుననే పడును. ఏ ఊరి వాయించువాడు ఏ దరువును ఎక్కడ విరుచునో, ఎక్కడ చేయి తేలిక చేయునో ఆ పెట్టెకు తెలియదు. తెలిసినవారు వృద్ధులగుచున్నారు. వారి వాయింపును వారి యింటిలోనే ముద్రించి దాచుకొనుటకు ఎట్టి మైకు కొనవలెనని మమ్ము అడుగు యువకులు ఇప్పుడు పలువురున్నారు. వారికొరకే ఈ ప్రసంగము.

చేతిలోని ఫోను చాలదా యని మొదటి ప్రశ్న. మాటకు చాలును, డప్పునకు చాలదు. ఫోనులోని మైకు మానవకంఠమును దృష్టిలో నుంచుకొని అమర్చినది. శబ్దము పెద్దదైనంతనే ఫోను తనంతట తాను దానిని తగ్గించును, చిన్నదైనంతనే పెంచును. కావున సిర్రతో వేసిన గట్టి దెబ్బయు, చిటికెన పుల్లతో వేసిన సన్నని చిటుకును ఒకే యెత్తునకు వచ్చును. దరువులోని ప్రాణమంతయు ఆ రెంటి తేడాలోనే యున్నది గదా! మీదుమిక్కిలి, పరికరము ఓర్వలేని దెబ్బ పడినపుడు శబ్దతరంగపు శిఖరము తెగిపోవును. అట్లు తెగినదానిని పిమ్మట ఏ యంత్రముతోను సరిగా అతుకజాలము.

కండెన్సరు మైకు పనిచేయు తీరు సులభముగనే చెప్పవచ్చును. బంగారుపూత పూసిన మిక్కిలి పలుచని పొర యొకటి, దానివెనుక వెంట్రుకవాసి యెడముతో ఒక లోహఫలకము, ఈ రెంటినడుమ విద్యుత్తు. శబ్దము తగిలి పొర కదలినపుడు ఎడము మారును. ఆ మార్పే సంకేతమగును. పొరకు బరువు లేనందున దెబ్బ పడిన మొదటి క్షణమును అది చక్కగా పట్టుకొనును. అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థయందు వెంటె అను శాస్త్రజ్ఞుడు 1916లో దీనిని రూపొందించెను. చాలకాలము ఇది స్టూడియోలకు మాత్రమే అందు వస్తువుగా నుండెను. 1962లో బెల్ ప్రయోగశాలలో వెస్ట్, సెస్లర్ అను నిరువురు, విద్యుదావేశమును తనయందే నిలుపుకొను పొరతో ఎలక్ట్రెట్ మైకును తయారుచేసిరి. వెల దిగివచ్చుటకు అదియొక కారణము.

ఇక కొనుగోలు. వేయి రూపాయలకు తీగలు, నిలువుకడ్డీ, నురుగుతొడుగు అన్నియు కలిపి ఒక్క పెట్టెలో వచ్చు మైకులు అంగడిలో మెండు. పెట్టెమీద కండెన్సరు అనియే యుండును. వాటిలో పెక్కింటికి ఎంత శబ్దమును ఓర్చగలవో తెలిపెడి అంకె యుండదు. మా దృష్టిలో డప్పునకు మైకు కొనువాడు ముందుగా చూడవలసినది ఆ అంకెనే. దానిని డెసిబెళ్ళలో వ్రాయుదురు. పుల్లతో కొట్టు వాద్యమునకు దగ్గరగా నిలిపినచో శబ్దము 120 డెసిబెళ్ళను దాటవచ్చును. కావున 130కి మించి ఓర్చునదిగా నుండుట మేలు. ఆడియో టెక్నికా వారి ఏటీ 2020 అనునది 144 వరకు ఓర్చును. రోడ్ వారి ఎన్‌టీ 5 అనునది 143 వరకు ఓర్చును గాని దాని వెల సామాన్యులకు భారము. బెరింగర్ వారి సీ 2 అను చిన్న మైకులు జతగానే అమ్ముదురు. వాటికి శబ్దమును 10 డెసిబెళ్ళు తగ్గించుకొను మీట గలదు, మంద్రధ్వనిని కొంత కోసివేయు మీటయు గలదు. తక్కువ వెలలో జత కావలెనన్నవారికి మేము దీనినే ముందుగా సూచింతుము.

ఒక్క గొప్ప మైకునకు ఉన్నదంతయు పెట్టుటకంటె రెండు సామాన్యపు మైకులు కొనుట తెలివియని మా యభిప్రాయము. డప్పు ఒంటరిగా మ్రోగు సందర్భములు తక్కువ. ప్రక్కన పాడువాడుండును, లేదా రెండవ డప్పుండును. ఒకటి డప్పునకు, ఒకటి గొంతునకు పెట్టినచో పిమ్మట రెంటి పాళ్ళు సరిచేసికొనవచ్చును.

ఇచ్చట మరియొక ఖర్చు దాగియున్నది. కండెన్సరు మైకునకు 48 వోల్టుల విద్యుత్తు కావలెను. దానిని అందించి, శబ్దమును కంప్యూటరునకు చేర్చు చిన్న పెట్టెను ఆడియో ఇంటర్‌ఫేసు అందురు. తక్కువ వెలకు వచ్చు వాటిలో కొన్నింటికి రెండు రంధ్రములున్నను, మైకునకు పనికివచ్చునది ఒక్కటే, రెండవది గిటారునకు. బెరింగర్ యూఎం 2 అట్టిది. అదే సంస్థవారి యూఎంసీ 202, ఫోకస్‌రైట్ వారి స్కార్లెట్ 2ఐ2 అనువానికి రెండు మైకులను తగిలింపవచ్చును. అంగడివానితో ఈ మాట తేల్చుకొని మరీ కొనవలెను. కంప్యూటరునకు నేరుగా తగిలించు యూఎస్‌బీ మైకు ఒకటి కొని, ఆరునెలలకు రెండవది కొని, ఆ రెండును కలిసి పనిచేయక చిక్కుపడినవారిని మేమెరుగుదుము.

అంత సొమ్ము లేనివాడు ఏమి చేయవలెను? ష్యూర్ ఎస్ఎం 57 వంటి తీగచుట్ట మైకొకటి, ఒక్క మైకు పట్టు పెట్టెయొకటి చాలును. 1965లో వచ్చిన ఆ మైకు నేటికిని స్టూడియోలలో డ్రమ్ముల ప్రక్కన నిలిచియే యున్నది. చిటికెన పుల్ల మెరుపు కొంత తగ్గును గాని దెబ్బకు బెదరదు, తేమకు చెడదు. కండెన్సరు కాదని చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు.

మైకు వచ్చిన పిమ్మట అసలు పని గదిలోనున్నది. చేవెళ్ళలోనైనను, మొయినాబాదులోనైనను ఇప్పటి యిండ్లు చాలవరకు సిమెంటు కప్పుతో, నున్నని గోడలతో కట్టినవే. అట్టి గదిలో చప్పట్లు కొట్టి చూడుడు. ఎదురెదురు గోడలనడుమ శబ్దము గిరగిర తిరుగును. ఆ గదిలో ఎంత మంచి మైకు పెట్టినను గోడలే వినబడును. ఈ దోషమును కండెన్సరు దాచదు, పైపెచ్చు బయటపెట్టును. బొంతలు, పరుపులు గోడలకు ఆనించి నిలుపుడు. వడ్ల బస్తాలుండిన మూలలలో పేర్చుడు. నేలపై జంపఖానా పరువుడు. పైసా ఖర్చులేని ఈ యేర్పాటు పదివేల రూపాయల మైకు చేయు మేలుకంటె ఎక్కువ మేలు చేయును. పెంకుటింటి వసారా యున్నవారు అదృష్టవంతులు. తెల్లవారుజామున అచ్చటనే ముద్రింపవచ్చును. ప్రొద్దెక్కిన తరువాత రహదారిపై లారీల గురగుర వచ్చి చేరును. మంద్రధ్వనిని కోయు మీట దానిని కొంత తగ్గించును గాని, డప్పు గుండెలోని బరువునుగూడ కొంత తీసికొనిపోవును. కావున మీట వేసియొకసారి, వేయక యొకసారి ముద్రించి విని నిర్ణయించుకొనుడు.

డప్పు వాయించువాడు కదలకుండ నిలువడు. అడుగు వేయును, వంగును, తిరుగును. అతనిని కట్టివేసినచో దరువు చచ్చును. నేలపై సుద్దతో చిన్న వలయము గీసి అందులోనే ఆడుమని కోరవలెను. మైకును రెండు మూడడుగుల దూరమున, రొమ్ము ఎత్తున, చర్మపు నడిమికిగాక అంచువైపునకు చూపుచు నిలుపుడు. ఆరుబయట దూరము రెట్టింపైనచో శబ్దము 6 డెసిబెళ్ళు తగ్గును. మ్రోత మితిమీరిన ఎడల ముందుగా మైకును వెనుకకు జరుపవలెను. గొంతు మైకునకును డప్పు మైకునకును నడుమ, డప్పునుండి దాని మైకునకుగల దూరమునకు మూడింతలైనను ఎడముండవలెను. పెన్సిలువంటి మైకు కొనతో వినును. ఏటీ 2020 వంటిది ప్రక్కతో వినును. దాని నెత్తిమీద పాడువారు ఇప్పటికిని గలరు!

డ్రమ్ సెట్టు వాయించువారు ఇంగ్లండునందలి గ్లిన్ జాన్స్ పద్ధతిని అనుసరింపవచ్చును. ఒక మైకును తలపైన, రెండవదానిని కుడిప్రక్క క్రిందుగా పెట్టి, రెండును నడిమి స్నేరు డ్రమ్మునకు సమదూరమున నుండునట్లు త్రాటితో కొలుతురు. శబ్దమునకు ఒక మిల్లీసెకండున సాగు దూరము సుమారు 34 సెంటీమీటర్లు మాత్రమే గనుక ఆ కొలత తప్పరాదు.

డప్పునకు మాత్రము వేరొక కొలత గలదు, అది నిప్పుది. కాచని డప్పునకు మైకు స్థాయి సరిచూచి, పిమ్మట కాచి వాయించినచో బిగిసిన చర్మము స్థాయిని మించి మ్రోగును. కనుక ముందు కాచవలెను, పిదప గట్టి దరువొకటి వాయింపించి, శిఖరము సున్నకు 10 లేక 12 డెసిబెళ్ళు క్రిందనే నిలుచునట్లు చూచుకొనవలెను. చల్లారుకొలది ధ్వని దిగును. ముఖ్యమైన దరువులను మొదటనే ముద్రించుడు. పొగ తగులు చోట మైకు నుంచరాదు. ఆషాఢమున బోనాల వేళ గాలిలోని తేమ పొరపై చేరి గరగర పుట్టించును. పని ముగిసినంతనే మైకును మూతగట్టి డబ్బాలో, తేమను పీల్చు సిలికా పొట్లములతో దాచుడు.

ముద్రణము మొదలిడగనే, దరువునకు పూర్వము, వాయించువాని పేరును, ఊరిని, తేదీని, ఆ దరువును వారు ఏమని పిలుతురో ఆ పేరును వారి నోటనే చెప్పింపుడు. ఆ మాటలను పిమ్మట కోసివేయకుడు. కడపటి దెబ్బ పడిన తరువాతగూడ పది లెక్కపెట్టునంత సేపు యంత్రమును ఆపవలదు. తరచుగా అప్పుడే పెద్దాయన, ఇంకొక దరువున్నదిరా, అని మరల పుల్లలు అందుకొనును.